నేల మారితే లివర్ మారాలి: చిన్న ట్రాక్టరులో ఫోర్ వీల్ డ్రైవ్ ఎప్పుడు వేయాలి, ఎప్పుడు తీయాలి?

బస్తర్ పీఠభూమిని నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ నెల మధ్యలో తాకుతాయి. ఏడాదికి దాదాపు 1,400 మిల్లీమీటర్ల వర్షం కురిసే ఈ ప్రాంతంలో సాగులో అధిక భాగం వానపైనే ఆధారపడి ఉంది. నేల అదునుకు వచ్చిన కొద్ది రోజుల్లోనే దుక్కి, దమ్ము, విత్తనం, నాట్లు పూర్తి కావాలి. ఒకప్పుడు ఎడ్లతోనే సాగిన ఈ పనుల్లోకి 20 నుంచి 30 హెచ్.పి. శక్తి గల చిన్న ట్రాక్టర్లు వచ్చాయి. వీటిలో చాలా నమూనాలకు ఫోర్ వీల్ డ్రైవ్ సదుపాయం ఉంటుంది. సీటు పక్కనో, సీటు కిందనో ఉండే ఒక చిన్న లివర్‌తో ముందు చక్రాలకు కూడా ఇంజన్ శక్తిని అందించవచ్చు, అవసరం తీరాక ఆపివేయవచ్చు.

ఆ లివర్‌ను కదపడం క్షణం పని. దానిని ఎప్పుడు కదపాలో తెలియకపోతే ముందు ఇరుసులోని గేర్లు, టైర్లు దెబ్బతింటాయి, డీజిల్ వృథా అవుతుంది. వాలు మీద అయితే ప్రాణానికే ముప్పు. కొనుగోలు సమయంలో చాలామంది దీనిని అదనపు బలంగా భావించి, ఒకసారి వేసి అలాగే వదిలేస్తారు. మరికొందరు చెడిపోతుందన్న భయంతో అసలు ముట్టుకోరు. ఈ రెండు అలవాట్లూ నష్టం తెచ్చేవే. ఫోర్ వీల్ వేయాలా, తీయాలా అన్నది చక్రాల కింద ఉన్న నేలను బట్టి తీసుకోవలసిన నిర్ణయం.

ఒకే రైతు, నాలుగు రకాల నేల

బస్తర్ రైతులు తమ భూములను మట్టాన్ని బట్టి నాలుగు పేర్లతో పిలుస్తారు. ఎత్తున ఉండే తేలికపాటి నేలలను మర్హాన్, టిక్రా అంటారు. మధ్యస్థంగా ఉండేది మాల్. దిగువన, నీరు నిలిచే బరువైన నేల గభార్. తెలుగు రైతుకు అర్థమయ్యేలా చెప్పాలంటే, మొదటి రెండూ మన మెట్ట లేదా చెలక వంటివి. చివరిది పల్లపు వరి మడి. కోంటా, భోపాలపట్నం వైపు సరిహద్దు గ్రామాల్లో తెలుగు మాట్లాడే రైతులకు కూడా ఇటువంటి ఎత్తుపల్లాల సాగే అలవాటు.

ఇంటి నుంచి బయలుదేరిన ట్రాక్టరు ముందు తారు రోడ్డు మీద నడుస్తుంది. తరువాత మొరం బాట ఎక్కుతుంది. గట్టిపడిన టిక్రాలో రోటావేటర్ వేస్తుంది. సాయంత్రానికి గభార్ మడిలో మోకాలి లోతు బురదలో దమ్ము చేస్తుంది. ఒకే రోజులో నాలుగు రకాల నేలను దాటే ఈ యంత్రానికి ఒకే అమరిక సరిపోదు. అద్దె ట్రాక్టర్ల విషయంలో ఈ సమస్య మరింత ఎక్కువ. డ్రైవరు ఒకరు, యజమాని మరొకరు, పొలం ఇంకొకరిది అయినప్పుడు లివర్ ఏ స్థితిలో ఉందో పట్టించుకునేవారు ఉండరు.

ముందు చక్రాలు కలిస్తే ఏమవుతుంది?

సాధారణ ట్రాక్టరులో వెనుక చక్రాలే బండిని లాగుతాయి. ముందు చక్రాలు దారి తిప్పడానికే పనికివస్తాయి. ట్రాక్టరు మొత్తం బరువులో మూడో వంతుకు పైగా ముందు ఇరుసుపై ఉన్నా, ఆ బరువు లాగే పనికి ఉపయోగపడదు. నేల గట్టిగా ఉన్నంతసేపు ఇది లోటుగా కనిపించదు. తడి నేలలో మాత్రం వెనుక చక్రాలకు పట్టు దొరకక, అవి తిరిగినంత దూరం బండి ముందుకు కదలదు. దీనినే చక్రం జారడం అంటారు.

ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు ఇరుసు మీది బరువు కూడా లాగే పనిలో భాగమవుతుంది. వెనుక చక్రాలపై భారం తగ్గి, అవి గుంట తవ్వుకుని దిగబడే ప్రమాదం తగ్గుతుంది. వరి మడులకు తేలికైన చిన్న ట్రాక్టర్లు అనుకూలం కావడానికి కారణం ఇదే. బరువు తక్కువ కనుక బురదలో లోతుగా దిగవు. నాలుగు చక్రాలూ లాగుతాయి కనుక తక్కువ బరువుతోనే పని జరుగుతుంది. జపాన్ వరి సాగులో రూపుదిద్దుకున్న ఈ తరహా యంత్రాలు ఇప్పుడు మన దేశంలోనూ తయారవుతున్నాయి. తెలంగాణలోని జహీరాబాద్‌లో తయారయ్యే మహీంద్రా ఓజా శ్రేణి అటువంటిదే. దానిని 2023 ఆగస్టు 15న దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్‌లో విడుదల చేశారు.

మెట్ట నేలలో మరో ప్రయోజనం ఉంది. రోటావేటర్ కత్తులు ట్రాక్టరు నడిచే దిశలోనే తిరుగుతాయి. గట్టి నేలను తాకినప్పుడు అవి లోపలికి దిగకుండా బండిని ముందుకు తోస్తాయి. అప్పుడు ముందు చక్రాలు కూడా ఇంజన్‌తో కలిసి ఉంటే ఆ తోపు అదుపులో ఉంటుంది. కాబట్టి ఫోర్ వీల్ బురదకే పరిమితమైన సాధనం కాదు.

గట్టి రోడ్డు మీద పురి ఎందుకు ఎక్కుతుంది?

చిన్న ట్రాక్టర్లలో ముందు చక్రాలు చిన్నవి, వెనుకవి పెద్దవి. ఫోర్ వీల్ వేసినప్పుడు ఈ రెండు ఇరుసులూ గేర్ల ద్వారా ఒకదానితో ఒకటి బిగిసి ఉంటాయి. తేడాను సర్దే డిఫరెన్షియల్ ఆ రెండు ఇరుసుల మధ్య ఉండదు. పైగా, ముందు చక్రాలు వెనుక చక్రాల కన్నా కొద్ది శాతం ఎక్కువ దూరం నడిచేలా తయారీదారులు గేర్ల నిష్పత్తిని నిర్ణయిస్తారు. ముందు చక్రాలు బండిని తమ వైపు లాగాలన్నదే దీని ఉద్దేశం.

ముందు చక్రాలు 3 శాతం ఎక్కువ నడిచే అమరిక ఉందనుకుందాం. వెనుక చక్రాలు 100 మీటర్లు నడిస్తే, ముందు చక్రాలు 103 మీటర్లు నడవాలని చూస్తాయి. రెండూ ఒకే బండికి ఉన్నవి కనుక అది సాధ్యం కాదు. బురదలో లేదా దున్నిన మట్టిలో చక్రం కొద్దిగా జారి ఆ తేడాను సర్దుకుంటుంది. తారు, సిమెంటు రోడ్లపై టైరు సులభంగా జారదు. ఆ తేడా అంతా షాఫ్టుల్లో, గేర్లలో చేరి, తాడుకు పురి ఎక్కినట్లు బిగుసుకుంటుంది. టైరు రోడ్డుకు రాసుకుని అరుగుతుంది. గేరు పళ్లపై ఒత్తిడి పెరుగుతుంది.

మలుపులో ఈ తేడా మరింత పెరుగుతుంది. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనుక చక్రాల కన్నా పెద్ద వృత్తంలో నడుస్తాయి. ముందు, వెనుక ఇరుసుల మధ్య 1.5 మీటర్ల దూరం ఉన్న ట్రాక్టరు, వెనుక ఇరుసు మధ్య భాగం 2.5 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగేలా మలుపు తీసుకుంటే, ముందు ఇరుసు సుమారు 2.9 మీటర్ల వ్యాసార్ధంలో తిరగాలి. అంటే దాదాపు 16 శాతం ఎక్కువ దూరం. గేర్లు ఇచ్చే అదనపు దూరం ఆ మేరకు సరిపోదు. అందుకే గట్టి నేలపై ఫోర్ వీల్‌తో మలుపు తిప్పితే స్టీరింగ్ బరువెక్కుతుంది, ముందు టైర్లు కీచుమంటాయి, బండి తిన్నగా పోవాలని చూస్తుంది.

వేసే పద్ధతి

మొదటి నియమం: అవసరం పడక ముందే వేయాలి. మడిలోకి దిగకముందు, గట్టు మీద ఉన్నప్పుడే లివర్ మార్చాలి. వెనుక చక్రాలు జారుతూ గిరగిరా తిరుగుతున్నప్పుడు వేస్తే, వేగంగా తిరిగే గేరు నెమ్మదిగా ఉన్న గేరుతో ఒక్కసారిగా కలుస్తుంది. పళ్లు విరిగే ప్రమాదం అప్పుడే ఉంటుంది.

ట్రాక్టరును ఆపి, ముందు చక్రాలను తిన్నగా ఉంచాలి. క్లచ్ పెడల్‌ను పూర్తిగా తొక్కి, లివర్‌ను గుర్తు ఉన్న చోటికి చివరిదాకా జరపాలి. పళ్లు ఎదురెదురుగా నిలిచినప్పుడు లివర్ సగంలోనే ఆగిపోవచ్చు. అప్పుడు బలవంతం చేయకూడదు. క్లచ్‌ను మెల్లగా వదిలి బండిని ఒక అడుగు కదిలించి, మళ్లీ క్లచ్ తొక్కి ప్రయత్నిస్తే సులభంగా పడుతుంది. కొన్ని నమూనాల్లో నెమ్మదిగా నడుస్తూ కూడా లివర్ మార్చే వీలుంటుంది. తమ ట్రాక్టరుకు ఆ వీలు ఉందో లేదో యజమాని మాన్యువల్‌లో చూసుకునేవరకు, ఆపి మార్చడమే క్షేమం.

సగం పడిన లివర్ అసలు పడనిదానికన్నా ప్రమాదకరం. గేరు పళ్ల అంచులు మాత్రమే కలిసి, బరువు పడగానే జారి అరిగిపోతాయి.

తీసే పద్ధతి

మడి నుంచి బయటకు వచ్చాక, రోడ్డు ఎక్కకముందే ఫోర్ వీల్ తీయాలి. పద్ధతి అదే. బండిని ఆపి, చక్రాలు తిన్నగా ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి లివర్‌ను వెనక్కి జరపాలి. చాలామందికి ఇబ్బంది ఎదురయ్యేది ఇక్కడే. గట్టి నేలపై కొంత దూరం నడిచిన తరువాత తీయబోతే లివర్ కదలదు. లోపల పురి ఎక్కి గేర్లు ఒకదానినొకటి బిగబట్టుకోవడమే దీనికి కారణం. లివర్‌ను కాలితో తన్నడం, సుత్తితో కొట్టడం వల్ల లోపలి ఫోర్కు వంగుతుంది.

బండిని రెండు మూడు మీటర్లు తిన్నగా వెనక్కి నడిపితే చాలాసార్లు పురి విడిపోతుంది. అప్పటికీ రాకపోతే, అతి నెమ్మదిగా నడుస్తూ స్టీరింగ్‌ను కొద్దిగా ఎడమకు, కుడికి తిప్పాలి. ఒక ముందు చక్రాన్ని మెత్తటి మట్టి మీదకు ఎక్కించినా ఆ చక్రం జారి ఒత్తిడి సడలుతుంది. ఆ తరువాత క్లచ్ తొక్కితే లివర్ తేలిగ్గా వస్తుంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా బిగుసుకునే ఉంటే లింకేజీ తుప్పు పట్టిందా, మట్టి చేరిందా అన్నది మెకానిక్‌కు చూపించాలి.

చక్రం ఎంత జారుతోంది? ఒక చిన్న లెక్క

ఫోర్ వీల్ అవసరమా, కాదా అన్న సందేహాన్ని ఒక సుద్దముక్క, కొలత టేపుతో తీర్చుకోవచ్చు. వెనుక టైరుపై ఒక గుర్తు పెట్టాలి. పనిముట్టును పైకి ఎత్తి, అదే పొలంలో చక్రం 10 చుట్లు తిరిగేలా నడిపి, ఎంత దూరం వచ్చిందో కొలవాలి. తరువాత పనిముట్టును దించి, ఫోర్ వీల్ వేయకుండా పని చేస్తూ మళ్లీ 10 చుట్లు నడపాలి.

మొదటిసారి 30 మీటర్లు, రెండోసారి 27 మీటర్లు వచ్చిందనుకుందాం. తేడా 3 మీటర్లు. అంటే చక్రం 10 శాతం జారుతోంది. వ్యవసాయ పనుల్లో సుమారు 8 నుంచి 15 శాతం జారుడు సహజం. ఇక్కడ ఫోర్ వీల్ లేకున్నా నడుస్తుంది. రెండోసారి 24 మీటర్లే వస్తే జారుడు 20 శాతం. చక్రం తిరిగిన ప్రతి అయిదు చుట్లలో ఒకటి వృథా అవుతోందన్నమాట. అప్పుడు ఫోర్ వీల్ వేయాలి. వేసిన తరువాత కూడా జారుడు తగ్గకపోతే దుక్కి లోతు తగ్గించాలి లేదా పనిముట్టు వెడల్పు తగ్గించాలి. యంత్రం శక్తికి మించిన పనిని ఏ లివర్ కూడా చేయించలేదు.

డిఫరెన్షియల్ లాక్ వేరు

ఫోర్ వీల్ వేశాక కూడా ఒకే వెనుక చక్రం తిరుగుతూ, మరొకటి ఆగిపోవడం చూస్తుంటాం. ఫోర్ వీల్ లివర్ ముందు, వెనుక ఇరుసులను కలుపుతుంది. ఎడమ, కుడి చక్రాలను కలిపేది డిఫరెన్షియల్ లాక్ పెడల్. రెండింటి పని వేరు. చక్రం వేగంగా తిరుగుతున్నప్పుడు లాక్ తొక్కకూడదు. వేగం తగ్గించి, బండి తిన్నగా ఉన్నప్పుడే తొక్కాలి. మలుపు తిప్పకముందే వదిలేయాలి. లాక్ పడి ఉండగా బండి సరిగా మలుపు తిరగదు.

వాలు మీద ప్రాణరక్షణ

ఎత్తుపల్లాల బస్తర్‌లో ఇది అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. సాధారణంగా చిన్న ట్రాక్టరులో బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. వాలు దిగుతున్నప్పుడు బరువు ముందుకు మళ్లి, వెనుక చక్రాలు తేలికవుతాయి. వెనుక ధాన్యం నిండిన ట్రాలీ తోస్తూ ఉంటుంది. ఆ స్థితిలో బ్రేకు తొక్కితే వెనుక చక్రాలు ఆగి జారుతాయి, బండి అడ్డం తిరుగుతుంది. ఫోర్ వీల్ వేసి ఉంటే బ్రేకు ప్రభావం షాఫ్టు ద్వారా ముందు చక్రాలకూ చేరుతుంది. అందువల్ల మట్టి వాలు దిగడానికి ముందే, చదునైన చోట ఫోర్ వీల్ వేసి, తక్కువ గేరులో దిగాలి. వాలు మధ్యలో లివర్ ముట్టుకోకూడదు. న్యూట్రల్‌లో దిగకూడదు. క్లచ్ తొక్కి పట్టి దిగడం కూడా న్యూట్రల్‌తో సమానమే.

కేశ్‌కాల్ ఘాట్ వంటి పొడవైన తారు రోడ్డు దిగుడులో సంగతి కొంత వేరు. అక్కడ దిగుడు మొదలయ్యే చోటే తక్కువ గేరు వేసుకోవడం, ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను కలిపి ఉంచే కొక్కెం తగిలించడం, ట్రాలీలో పరిమితి మించి బరువు వేయకపోవడం ప్రధానం. ఫోర్ వీల్ వేసిన బండి బ్రేకు గట్టిగా పట్టుకుంటుందనీ, అధిక వేగంలో హఠాత్తుగా బ్రేకు వేస్తే ట్రాలీ ముందుకు దూసుకువస్తుందనీ గుర్తుంచుకోవాలి.

మడిలో దిగబడితే

ఫోర్ వీల్ ఉన్న ట్రాక్టరు కూడా దిగబడుతుంది. అప్పుడు వెనుక చక్రాల ముందు దుంగ అడ్డం పెట్టి, ఒక్కసారిగా ఎక్సలరేటర్ పెంచడం ప్రాణాంతకం. చక్రం కదలలేకపోతే ఇంజన్ బలం బండి ముందు భాగాన్ని పైకి లేపుతుంది. డ్రైవరు తేరుకునేలోగా ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది. ముందు చక్రాలు పైకి లేచాక ఫోర్ వీల్ ఏమీ చేయలేదు.

దిగబడిన వెంటనే పి.టి.ఓ. ఆపి, వీలైతే పనిముట్టును పైకి ఎత్తి, వచ్చిన దారిలోనే మెల్లగా వెనక్కి రావడానికి ప్రయత్నించాలి. రాకపోతే చక్రాల వెనుక మట్టి తీయాలి. మరో ట్రాక్టరుతో లాగించవలసి వస్తే, లాగే బండికి గొలుసును కింది డ్రాబార్‌కే కట్టాలి. ఇరుసు కన్నా ఎత్తున కడితే ఆ బండి కూడా తిరగబడే ప్రమాదం ఉంది. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు రక్షణ చట్రాన్ని తప్పనిసరి చేసింది. ఆ చట్రం ఉన్న ట్రాక్టరులో సీటు బెల్టు పెట్టుకుంటేనే పూర్తి రక్షణ లభిస్తుంది. చట్రం లేని ట్రాక్టరులో బెల్టు పెట్టుకోకూడదు.

టైర్లు, కేజ్ వీల్స్, ఆయిల్

ముందు, వెనుక టైర్ల కొలతలు గేర్ల నిష్పత్తికి సరిపోయేలా నిర్ణయించినవి. ఒక జతను మాత్రమే వేరే సైజుకు మార్చితే ఆ లెక్క తప్పుతుంది. రోడ్డు మీద ఫోర్ వీల్‌తో తిరిగి ముందు టైర్లు బాగా అరిగినా అదే జరుగుతుంది. లాగవలసిన ముందు చక్రాలు అప్పుడు బండికి భారంగా మారతాయి. గాలి కూడా కంపెనీ సూచించిన మేరకు, రెండు వైపులా సమానంగా ఉండాలి.

దమ్ముకు వాడే కేజ్ వీల్స్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. టైర్లను తీసి పూర్తి ఇనుప చక్రాలు బిగించేటప్పుడు వాటి వ్యాసం తయారీదారు సూచించినదే అయి ఉండాలి. ఇనుప చక్రాలతో రోడ్డు మీదకు రావడం రోడ్డుకూ, ఇరుసుకూ చేటు. తెలుగు రాష్ట్రాల్లో అధికారులు దీనిపై తరచూ హెచ్చరికలు చేస్తున్నారు.

దమ్ము ముగిసిన ప్రతి రోజూ ముందు ఇరుసు సీళ్ల చుట్టూ చుట్టుకున్న గడ్డి, తీగలను తొలగించాలి. అవి సీలును కోస్తే నీరు లోపలికి చేరుతుంది. ముందు ఇరుసు ఆయిల్ పాల రంగులో కనిపిస్తే నీరు కలిసిందని అర్థం. వెంటనే మార్చి, సీలు సరిచేయించాలి. పని లేని నెలల్లో కూడా అప్పుడప్పుడు మెత్తటి నేలపై లివర్ వేసి తీస్తూ ఉంటే తుప్పు పట్టదు.

శిక్షణ ఎక్కడ?

2014-15లో మొదలైన కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద అర్హులైన రైతులకు, పరిమితులకు లోబడి, యంత్రాలపై 40 నుంచి 50 శాతం రాయితీ లభిస్తుంది. అద్దె యంత్ర కేంద్రాలకు కూడా ఈ పథకం సాయం అందిస్తుంది. యంత్రం నడపడంలో శిక్షణకు మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలో, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. జగదల్‌పుర్ సమీపంలోని కుమ్హ్రావండ్‌లో ఇందిరా గాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన శహీద్ గుండాధుర్ వ్యవసాయ కళాశాల, పరిశోధన కేంద్రం స్థానిక నేలలపై పనిచేస్తున్నాయి. రైతులు తమ జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని కూడా సంప్రదించవచ్చు.

ట్రాక్టరును అద్దెకు ఇచ్చేవారు డ్రైవరుకు తాళంతో పాటు మూడు మాటలు తప్పక చెప్పాలి. మడిలోకి దిగకముందే ఫోర్ వీల్ వేయాలి. రోడ్డు ఎక్కకముందే తీయాలి. వాలు మధ్యలో లివర్ ముట్టుకోకూడదు.